పక్కింటి కబురు – 2వ పాఠం: హిస్టమిన్

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఎడమ ముంజేతిని బల్లమీద వెల్లకిలా పెట్టి, పెన్ను మూతతో కాస్త గట్టిగా రెండంగుళాల గీత గీయండి. చర్మం చిట్లకూడదు, కానీ గీసినట్టు తెలియాలి. గడియారం పక్కన పెట్టుకుని చూస్తూ ఉండండి.

నిమిషం తిరక్కుండానే గీసినచోట ఎర్రబడుతుంది. తర్వాత గీతకి అటూ ఇటూ, మీరు ముట్టుకోని చోటికి కూడా, ఆ ఎరుపు పాకుతుంది. మూడు నాలుగు నిమిషాలకి గీత పొడవునా చర్మం ఉబ్బి, వేలితో తడిమితే చిన్న గట్టులా తగులుతుంది. పుస్తకాల్లో "ఎరుపు" అని రాసేస్తారు గానీ అవి తెల్లతోలు మీద చూసి రాసిన మాటలు. చామనఛాయ చేతిమీద ఎరుపు అంత తేలిగ్గా కనబడదు. వేళ్ల వెనకవైపు ఆనించి వెచ్చదనం చూడండి. ఉబ్బు కోసమైతే వెలుతురు పక్కనుంచి పడేలా చెయ్యి తిప్పండి. మూడూ అందరికీ రావు, చాలామందికి మొదటి గీతతోనే ఆగిపోతుంది. నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి మాత్రం పలకమీద బలపంతో రాసినట్టు లేస్తుంది. పేరు రాస్తే పేరు కనబడుతుంది. నా క్లాసులో దాదాపు ప్రతి ఏడూ అలాంటివాళ్లు ఒకరైనా బయటపడతారు. ఆ రోజుకి ఆ చెయ్యే మాకు నల్లబల్ల.

1920ల్లో లండన్‌లో థామస్ లూయిస్ అనే వైద్యుడు ఇదే పనిని ఏళ్ల తరబడి, ఎంతో ఓపిగ్గా చేశాడు. ఎరుపు గీత, పాకే ఎరుపు, ఉబ్బు – ఈ మూడింటికీ కలిపి ట్రిపుల్ రెస్పాన్స్ అని పేరొచ్చింది. సూదిమొనతో హిస్టమిన్ (అలర్జీ దద్దుర్లు, దురద వెనకుండే, ఒంట్లోనే పుట్టే రసాయనం) చుక్కని చర్మంలోకి దింపితే అచ్చం ఇవే మూడూ వచ్చాయి. అయినా ఆయన జాగ్రత్తపరుడు. గీస్తే చర్మంలోంచి వచ్చేది హిస్టమినే అని తేల్చెయ్యకుండా "హెచ్ పదార్థం" అని మాత్రం అన్నాడు.

ఆ మూడింటినీ విడివిడిగా చూద్దాం. ఒక లక్షణం కనబడగానే "ఇది ఎవరు పంపిన కబురు, ఏ తలుపు తట్టింది, ఏ మందు ఎక్కడ అడ్డు నిలవగలదు" అని వరసగా అడగడమే ఈ ధారావాహికలో మనం నేర్చుకుంటున్న విద్య. ఆ అలవాటుకి ఈ గీత మొదటి మెట్టు.

మొదటి ఎరుపు తేలికే. గీసినచోట సన్న రక్తనాళాలు వదులయ్యాయి, రక్తం నిండింది, అంతే. ఉబ్బు కూడా అర్థమవుతుంది. చిన్న సిరల లోపలి గోడలో కణాలు ఒకదాన్నొకటి వదిలి కాస్త ఎడమయ్యాయి, ఆ సందుల్లోంచి రక్తంలోని నీరు, ప్రొటీన్లు బయటికి ఊరాయి. దద్దురు అంటే ఇదే. చిత్రమంతా మధ్యలో ఉన్న పాకే ఎరుపులోనే. హిస్టమిన్ అంత దూరం నడిచి వెళ్లలేదు. అది చర్మంలోని నరం కొసని గిల్లింది. ఆ కబురు వెన్నుపాము వైపు వెళ్తూ వెళ్తూనే, దారిలో చీలిన కొమ్మ వెంట మళ్లీ చర్మంలోకి దిగి, అక్కడి నాళాలని వదులు చేసింది. దీన్ని ఆక్సాన్ రిఫ్లెక్స్ అంటారు.

నరం చచ్చిపోతే ఈ రెండో అంకం జరగదు. దీన్ని పట్టుకుని కుష్ఠు వైద్యులు ఒక పరీక్ష కట్టారు. అనుమానమున్న తెల్లమచ్చ లోపల ఒక చుక్క, బయట మంచి చర్మంలో ఒక చుక్క హిస్టమిన్ వేసి సూదితో గుచ్చుతారు. దద్దురు రెండుచోట్లా లేస్తుంది. బయట చుక్క చుట్టూ ఎరుపు పాకి, మచ్చలో పాకకపోతే అక్కడి నరం కొసలు దెబ్బతిన్నట్టే. రోగి "తిమ్మిరి ఉందా లేదా" అని సరిగా చెప్పలేని చిన్నపిల్లల్లో ఇది పనికొచ్చేది. ఒక్క చుక్క మందు నరం ఆరోగ్యాన్ని చదివి చెప్పడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఎక్కడ పుడుతుంది, ఎక్కడ దాక్కుంటుంది

పోయిన పాఠంలో చెప్పుకున్నది గుర్తుందిగా? హార్మోను అంటే టపాలో వేసిన ఉత్తరం, రక్తం వెంట ఒళ్లంతా తిరిగి చేరాల్సిన చోటికి చేరుతుంది. ఆటకాయిడ్ అంటే గోడమీంచి పక్కింటికి కేకేసి చెప్పిన కబురు. పుట్టినచోటే పని, ఆ వెంటనే మాయం.

పప్పులో, గుడ్డులో, చేపలో ఉండే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోతే మిగిలేదే హిస్టమిన్. 1910లో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్‌లా దీన్ని జంతువులకి ఎక్కించి చూశారు. గినీపందికి ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుని ప్రాణం మీదికొచ్చింది. అలర్జీ వికటించిన గినీపంది కూడా సరిగ్గా అలాగే పోతుందని డేల్‌కి స్ఫురించింది. కానీ పోలిక వేరు, రుజువు వేరు. తాజా కాలేయంలోంచి, ఊపిరితిత్తిలోంచి హిస్టమిన్ తీసి, ఇది ఒంట్లో మామూలుగానే ఉంటుందని చూపించడానికి 1927 దాకా పట్టింది.

ఒంట్లో దీని గిడ్డంగులు మాస్ట్ కణాలు, రక్తంలోని బేసోఫిల్ కణాలు. చర్మం, ముక్కు, ఊపిరితిత్తులు, పేగులు – బయటి ప్రపంచం మనకి తగిలే ప్రతిచోటా మాస్ట్ కణాలు కాపలా ఉంటాయి. లోపల చిన్న చిన్న రేణువుల్లో హిస్టమిన్, హెపారిన్ అనే ఇంకో పదార్థాన్ని అంటిపెట్టుకుని సిద్ధంగా ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, సిద్ధంగా ఉంటుంది. వచ్చే పాఠంలో చూడబోయే ప్రోస్టాగ్లాండిన్లు అనే వాపు కబుర్లకి గిడ్డంగి లేదు, అవసరం పడ్డప్పుడు అప్పటికప్పుడు వండుకోవాలి. అందుకే కందిరీగ కుట్టిన దద్దురు నిమిషాల్లో లేస్తుంది, బెణికిన చీలమండ వాయడానికి గంటలు పడుతుంది.

గిడ్డంగి తలుపు తెరవడానికి మామూలు తాళంచెవి ఐజీఈ అనే యాంటీబాడీ. కందిరీగ విషమో, రొయ్యలో, పెన్సిలినో – మొదటిసారి తగిలినప్పుడు ఒంట్లో దానికి తగ్గ ఐజీఈ తయారై, మాస్ట్ కణాల మీద వెంట్రుకల్లా గుచ్చుకుని కూర్చుంటుంది. పైకి ఏమీ తెలీదు. రెండోసారి అదే వస్తువు వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలని ఒక్కసారే పట్టుకుందా, రేణువులన్నీ బయటికి చిమ్ముతాయి. "ఇన్నాళ్లూ తిన్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు" అని రోగి వాదించేది ఇక్కడే.

నాలుగు తలుపులు

హిస్టమిన్‌కి నాలుగు రకాల రిసెప్టర్లు, అంటే కణాల మీద అది తట్టే తలుపులు, ఉన్నాయి: హెచ్1, హెచ్2, హెచ్3, హెచ్4. మందుల షాపు వరకూ మొదటి రెండూ తెలిస్తే చాలు. మూడోది మెదడులో, నరం చివర కూర్చుని "ఇక చాలు, హిస్టమిన్ వదలకు" అని చెబుతుంది. దాన్ని అడ్డుకుంటే మెలకువ పెరుగుతుంది. పగలే నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీకి వాడే పిటోలిసాంట్ ఆ పనే చేస్తుంది. నాలుగోది తెల్లరక్తకణాల మీద ఉంది. దాని మీద మందులు ఇంకా రావలసినవే.

హెచ్1 చేసే పనులన్నీ మీకు ఒంటిమీద తెలిసినవే: దురద, దద్దురు, తుమ్ములు, ముక్కు కారడం, ఊపిరి గొట్టాలు బిగుసుకోవడం, మెదడులో మెలకువ. హెచ్2 ముఖ్యంగా జీర్ణాశయంలో ఆమ్లం ఊరించే కణాల మీద ఉంటుంది. కబురు ఒకటే, తలుపులు వేరు. 1937లో డానియెల్ బోవే పరిశోధనలతో తొలి యాంటీహిస్టమిన్లు, అంటే హిస్టమిన్‌ని హెచ్1 దగ్గర అడ్డుకునే మందులు, వచ్చాయి. దద్దుర్లు తగ్గాయి, కానీ అవే మందులు హిస్టమిన్‌తో ఊరే కడుపులో ఆమ్లాన్ని చుక్కైనా తగ్గించలేదు. మందు తప్పా, లెక్క తప్పా? రెండూ కాదు, ఇంకో తలుపు ఉంది. ఒక మందు ఒకచోట పనిచేసి మరోచోట చేయకపోవడాన్ని వైఫల్యంగా కాక ఆధారంగా చూడటం ఫార్మకాలజీలో (మందుల శాస్త్రంలో) నేర్చుకోవలసిన మొదటి చూపు. కడుపు కథకి మళ్లీ వస్తాను.

రుమాలు వేసిన సీటు

ఆర్టీసీ బస్సు స్టాండులోకి వస్తుండగానే కిటికీలోంచి సీట్లో రుమాలు వేస్తాం. రుమాలు టికెట్ కొనదు, ఊరు చేరదు. సీటు పట్టి ఉంచడమే దాని పని. యాంటీహిస్టమిన్ కూడా అంతే. హెచ్1 సీట్లో కూర్చుంటుంది గానీ హిస్టమిన్ చేసే పనేదీ చేయదు, హిస్టమిన్‌ని కూర్చోనివ్వదు. (పట్టుగా చెప్పాలంటే రుమాలు కన్నా కాస్త ఎక్కువే. ఎవరూ తట్టకపోయినా గాలికి కొట్టుకునే తలుపులా ఈ రిసెప్టర్ ఉండుండి తనంత తనే కదులుతుంటుంది. ఈ మందులు ఆ కదలికని కూడా ఆపుతాయి. అందుకని వీటిని ఇన్వర్స్ ఆగొనిస్టులు అనాలంటారు. పరీక్షల్లో రాయండి, మన లెక్కకి రుమాలు చాలు.)

ఈ ఉపమానంలోంచి మూడు సంగతులు లాగవచ్చు. ఒకటి, మనిషి అప్పటికే కూర్చున్నాక రుమాలు వేసి లాభం లేదు. అందుకే పుప్పొడికి తుమ్ములొచ్చేవాళ్లు తుమ్ములు మొదలయ్యాక కన్నా, ఆ రుతువంతా రోజూ వేసుకుంటేనే మందు బాగా పనిచేస్తుంది. రెండు, జనం మరీ విరగబడితే రుమాలు లేచిపోతుంది. హిస్టమిన్ వరదలా వచ్చినప్పుడు బిళ్ళ నిలవదు. మూడోది ప్రాణానికి సంబంధించింది: రుమాలు వేసినంత మాత్రాన, అప్పటికే జరిగిపోయిన గలాటా సర్దుకోదు.

అనాఫిలాక్సిస్ (ఒళ్లంతా ఒక్కసారే విరుచుకుపడే అలర్జీ) అంటే అదే గలాటా. కందిరీగ కుట్టిన పది నిమిషాలకి ఒళ్లంతా దద్దుర్లు, గొంతు పట్టేయడం, ఛాతీలో పిల్లికూతలు, కళ్లు తిరిగి పడిపోవడం. మన ఊళ్లలో ఇలాంటప్పుడు చేతికి మొదట అందేది "అవిల్, డెక్సా కలిపి ఓ సూది". అవిల్ అంటే ఫెనిరమిన్, హెచ్1 రుమాలు. డెక్సామెథసోన్ స్టెరాయిడ్, దాని పని గంటల మీద. రక్తపోటు నేలకి జారుతున్నప్పుడు, గొంతు మూసుకుపోతున్నప్పుడు ఈ రెండూ చేయగలిగింది బహు స్వల్పం. పైగా ఆ క్షణంలో హిస్టమిన్ ఒక్కతే లేదు, ల్యూకోట్రయీన్లు అనే ఇంకో రకం పక్కింటి కబుర్లు, ఇంకా ఎన్నో కలిసి దాడి చేస్తున్నాయి. ఒక్క హెచ్1 సీటు పట్టుకుంటే ఏమొస్తుంది?

అక్కడ కావలసింది రుమాలు కాదు, ఎదురుపని చేసేది. అడ్రినలిన్ హిస్టమిన్ సీటు జోలికే పోదు. తన సొంత తలుపులు తట్టి, వదులైన నాళాలని బిగిస్తుంది, బిగిసిన ఊపిరి గొట్టాలని వదులుచేస్తుంది, మాస్ట్ కణాలు ఇంకా చిమ్మకుండా పట్టుకుంటుంది. దీన్ని ఫిజియలాజికల్ యాంటాగొనిజం అంటారు. పెద్దవాళ్లకి 0.5 మి.గ్రా., అంటే మన దగ్గర దొరికే 1 మి.గ్రా. ఆంప్యూల్‌లో సగం, తొడ బయటివైపు మధ్యన కండలోకి. తగ్గకపోతే ఐదేసి నిమిషాలకి మళ్లీ. పిల్లలకి కిలోకి 0.01 మి.గ్రా. ఈ ధారావాహిక చదివే నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులు మిగతా అంతా మర్చిపోయినా నేనేమీ అనుకోను, ఈ పేరా మాత్రం మర్చిపోవద్దు. ఆ సూది చేతిలో లేనివాళ్లు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టి, 108కి ఫోను చేయాలి. ఊపిరాడక అల్లాడుతుంటే కూర్చోనివ్వాలి. అవిల్ తర్వాత ఇచ్చుకోవచ్చు, దురదకి.

అలర్జీ లేకుండా హిస్టమిన్

హౌస్‌సర్జన్సీలో ఉన్నప్పుడు, ఓ రాత్రి డ్యూటీలో ఒక రోగికి వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ డ్రిప్ పెట్టాను. ఒక గ్రాము మందు, గంటకి తక్కువ కాకుండా ఎక్కాలి. నాకు అవతల వార్డులో పనుంది, చక్రం కాస్త వదులుగా తిప్పి వెళ్లిపోయాను. పావుగంటకి నర్సమ్మ పరుగున వచ్చింది. వెళ్లి చూస్తే ఆయన ముఖం, మెడ, ఛాతీ పైభాగం కుంకుమ జల్లినట్టుంది, రెండు చేతులతో గోక్కుంటున్నాడు. పక్కనున్న ఆయన భార్య "ఈ మందు పడలేదు బాబూ, తీసెయ్యండి" అంటోంది. డ్రిప్ ఆపి, కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో "వాంకోమైసిన్ అలర్జీ" అని రాశాను. తెల్లవారి రౌండ్స్‌లో మా పెద్ద డాక్టరుగారు ఆ ఎర్ర అక్షరాలని కొట్టేసి, "ఎంతసేపట్లో ఎక్కించావు?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. ఆ రోజు అదే మందు రెండు గంటలపాటు నెమ్మదిగా ఎక్కించాం. ఏమీ కాలేదు.

అది అలర్జీ కాదు. ఐజీఈ లేదు, ముందుగా తగిలి ఉండాల్సిన పనీ లేదు. వాంకోమైసిన్, మార్ఫిన్ లాంటి కొన్ని మందులు మాస్ట్ కణాన్ని నేరుగా కుదిపి హిస్టమిన్ రాలుస్తాయి. ఎంత వేగంగా ఎక్కిస్తే అంత రాలుతుంది. "మందు పడలేదు" అన్న మన మాటలో ఈ రెండూ కలిసిపోతాయి, మూడోదిగా మామూలు కడుపు తిప్పడం కూడా కలుస్తుంది. వినేవాళ్లు విడదీసుకోవాలి. నిజమైన అలర్జీ అయితే ఆ మందు మళ్లీ ముట్టకూడదు. నేరుగా రాలినదైతే వేగం తగ్గిస్తే సరిపోతుంది. తప్పుగా రాసిన ఒక్క ఎర్ర సిరా ముక్క, ప్రాణం నిలిపే యాంటీబయాటిక్‌ని ఆ మనిషికి జన్మకంతా దూరం చేయగలదు.

ఇంకో దారి, కంచంలోంచి. కోస్తాలో కానాగంతలు తినని ఇల్లు తక్కువ. కానాగంత, ట్యూనా జాతి చేపల కండలో హిస్టిడిన్ ఎక్కువ. పట్టిన చేపని ఐసులో పెట్టకుండా ఎండలో వదిలేస్తే బాక్టీరియా ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, విరేచనాలు. ఎంత పులుసు మరిగించినా లాభం లేదు. బాక్టీరియా చస్తుంది, హిస్టమిన్ చావదు. ఒకే కుండలో పులుసు తిన్న నలుగురికీ ఒకేసారి వచ్చిందంటే అలర్జీ కాదనుకోవచ్చు, నలుగురికీ ఒకే అలర్జీ ఉండటం అరుదు కదా. ఇక్కడ యాంటీహిస్టమిన్ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే ఈ కథలో దొంగ నిజంగానే ఒక్కడు.

మామూలుగా తిండిలో వచ్చే కొద్దిపాటి హిస్టమిన్‌ని పేగు గోడలోని డయమిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ విరిచేస్తుంది. క్షయకి వాడే ఐసోనియజిడ్ ఆ ఎంజైమ్‌కి అడ్డు తగులుతుంది. టీబీ మందులు వాడుతున్న మనిషికి ట్యూనాలాంటి చేప తిన్నాక ముఖం భగ్గుమంటే, "టీబీ మందు పడలేదు" అని కోర్సు ఆపేయకముందు, కంచంలో ఏముందో అడగండి.

దురదంతా హిస్టమిన్ కాదు

దూలగొండి కాయ నూగు మీద పడితే ఏమవుతుందో పల్లెటూళ్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. బడిలో ఎవడో ఒకడు బెంచీ మీద రాసి పెట్టేవాడు. ఆ దురదకి సెట్రిజిన్ అనే యాంటీహిస్టమిన్ వేసుకుంటే అంతగా తగ్గదు. నూగులో మ్యుకునెయిన్ అనే ప్రొటీన్లు కోసే ఎంజైమ్ ఉంది. అది నరం కొసల మీదుండే వేరే రిసెప్టర్లని, ప్రొటీజ్‌లకి స్పందించేవాటిని తట్టి లేపుతుంది. గీత పరీక్షతో పోల్చి చూడండి: దూలగొండి దురద భగ్గుమంటుంది గానీ, దాని చుట్టూ ఎరుపు పాకడం, దద్దురు లేవడం హిస్టమిన్‌కి వచ్చినంతగా ఉండవు. శాస్త్రవేత్తలు ఈ నూగునే ప్రయోగశాలలో పెట్టుకుని "హిస్టమిన్‌తో పనిలేని దురద"ని చదివారు. కామెర్లలో, కిడ్నీలు చెడినప్పుడు, ఎగ్జిమాలో వచ్చే దురద చాలావరకు ఈ కోవకే చెందుతుంది. అక్కడ పాత యాంటీహిస్టమిన్ ఇస్తే రోగి నిద్రపోతాడు, దురద మెలకువగానే ఉంటుంది.

నిద్ర సంగతి కూడా చూద్దాం. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, ప్రోమెథజైన్ లాంటి పాతవి కొవ్వులో కరుగుతాయి, మెదడు గోడ దాటి మెలకువ కాసే హెచ్1 సీట్ల మీద కూడా రుమాలు వేస్తాయి. క్లోర్‌ఫెనిరమిన్ సగం తగ్గడానికే ఒంట్లో ఇరవై గంటల దాకా పడుతుంది. రాత్రి వేసుకున్న జలుబు బిళ్ళ మర్నాడు పొద్దున బండి నడిపేటప్పుడు కూడా మీతోనే ఉంటుంది. పైగా ఇవి హెచ్1తో ఆగవు, ఎసిటైల్‌కొలిన్ అనే నరాల కబురు సీట్లనీ ఆక్రమిస్తాయి. నోరెండటం, మలబద్ధకం, ప్రొస్టేటు పెరిగిన ముసలాయనకి మూత్రం ఆగిపోవడం అందువల్లే. విచిత్రమేమంటే మామూలు జలుబులో ముక్కు కారడం ఈ బిళ్ళలతో కాస్త తగ్గేది కూడా ఆ పక్కచూపు వల్లనే. వైరస్ జలుబులో హిస్టమిన్ పాత్ర తక్కువ. పిల్లల జలుబు సిరప్పుల్లో క్లోర్‌ఫెనిరమిన్‌తో ఫినైలెఫ్రిన్ కలిపి అమ్మే మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు వాళ్లకి వాడవద్దని సీసా మీద రాయాలని 2023 డిసెంబరులో మన దేశ ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. సీసా కొనేముందు లేబుల్ చదవండి.

సెట్రిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ కొత్తవి. ఇవి మెదడు గోడ దాటబోతే అక్కడి పంపులు వెనక్కి నెట్టేస్తాయి. సెట్రిజిన్ కొంచెం నెగ్గుకొస్తుంది, కొందరికి మత్తుగా ఉంటుంది. ఫెక్సోఫెనడిన్ దాదాపు అసలు దాటదు. దీని వెనక ఓ కథ ఉంది. మొదట వచ్చింది టెర్ఫెనడిన్. దాన్ని కాలేయం ఫెక్సోఫెనడిన్‌గా మార్చేది, నిజంగా పనిచేసేది ఆ రెండోదే. ఎరిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), కీటోకొనజోల్ (ఫంగస్ మందు) లాంటివి కలిపి వాడినప్పుడు కాలేయం ఆ పని చేయలేక టెర్ఫెనడిన్ రక్తంలో పేరుకుని, గుండె లయ తప్పి, కొందరి ప్రాణాలు పోయాయి. 1990ల చివర దాన్ని తీసేసి, కాలేయం చేసే పనిని ఫ్యాక్టరీలోనే చేసి ఫెక్సోఫెనడిన్‌ని అమ్మకానికి తెచ్చారు. దీన్ని మంచినీళ్లతోనే వేసుకోవాలి. బత్తాయి, ఆపిల్ లాంటి పళ్లరసాలతో వేసుకుంటే పేగులోంచి రక్తంలోకి చేరేది బాగా తగ్గుతుంది.

కడుపు తలుపు

హెచ్1 మందులు ఆమ్లాన్ని ఎందుకు తగ్గించలేదన్న ప్రశ్నని జేమ్స్ బ్లాక్ 1964లో ఇంగ్లండులో చేతికెత్తుకున్నాడు. ఆయన ఎత్తు సూటిగా ఉంటుంది: హిస్టమిన్ అణువునే కొద్దికొద్దిగా మార్చుకుంటూ పో, ఏదో ఒకచోట అది తలుపు తెరవడం మానేసి అడ్డుగా నిలబడుతుంది. దాదాపు 700 పదార్థాలు చేసి చూశారు. 1972లో బురిమమైడ్‌తో హెచ్2 ఉందని రుజువైంది, కానీ నోటితో ఇస్తే ఒంటికి పట్టదు. తర్వాతి మెటియమైడ్ కొందరిలో తెల్లరక్తకణాలని పడగొట్టింది. 1976లో సిమెటిడిన్ నిలిచింది. అల్సర్ అంటే కడుపు కోయించుకోవడమే అన్న రోజులు దాంతో వెనకబడ్డాయి. 1988లో బ్లాక్‌కి నోబెల్ వచ్చింది.

మన ఇళ్లలో "గ్యాస్ బిళ్ళ" అనే పేరు కింద ఏళ్ల తరబడి తిరిగిన రానిటిడిన్ ఈ కుటుంబమే. ఎన్‌డీఎంఏ అనే కల్మషం కారణంగా 2020లో అమెరికాలో దాన్ని మార్కెట్ నుంచి తీయించారు. ఇప్పుడు ఈ కుటుంబంలో ఎక్కువగా రాసేది ఫామోటిడిన్. అయితే ఆమ్లం ఊరించే కణానికి హిస్టమిన్‌తో పాటు గ్యాస్ట్రిన్ అనే హార్మోను, ఎసిటైల్‌కొలిన్ కూడా కబురు పంపుతాయి. ఒక తలుపు మూస్తే మిగతా రెండూ తెరిచే ఉంటాయి. అందుకే ఈ మందులు నిద్రలో, ఖాళీ కడుపున ఊరే ఆమ్లాన్ని బాగా అదుపు చేస్తాయి, భోజనానికి ఊరేదాన్ని అంతగా ఆపలేవు. ఒమెప్రజోల్ జాతి మందులు తలుపుల జోలికి పోకుండా, మూడు కబుర్లూ చివరికి చేరే పంపునే ఆపేస్తాయి. ఎవరు ఎక్కడ అడ్డు నిలబడుతున్నారో కాగితం మీద ఒక బొమ్మ వేసుకోండి, ఒక్కసారి వేస్తే మర్చిపోరు.

ఇంటిపని

ఇంట్లో మందుల డబ్బా బోర్లించి, ప్రతి స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి. పాత హెచ్1, కొత్త హెచ్1, హెచ్2, ఇవేవీ కానివి అని నాలుగు కుప్పలు పెట్టండి. జలుబు బిళ్ళల్లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి, ఒక్కోదాన్నీ విడిగా లెక్కపెట్టండి.

అలర్జీ చర్మపరీక్షకి వెళ్లేవాళ్లని కొన్ని రోజుల ముందు నుంచి సెట్రిజిన్ మానమంటారు, మరి అదే పరీక్షలో ఉత్త హిస్టమిన్ చుక్క కూడా ఒకటి ఎందుకు గుచ్చుతారు? చర్మానికి మత్తు సూది ఇచ్చి గీత గీస్తే మూడింటిలో ఏది రాదు, ఏవి వస్తాయి? పెళ్లిభోజనంలో చేప తిన్న ఆరుగురికి దద్దుర్లు, ఒక్కడికి మాత్రం దద్దుర్లతో పాటు గొంతు పట్టేసింది – ఏడుగురిదీ ఒకే కథేనా? జవాబులు రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం మొదట్లో సరిచూద్దాం.

వచ్చే పాఠానికి ఈ ప్రయోగం మనసులో పెట్టుకోండి. అలర్జీ రేపిన ఊపిరితిత్తి ముక్కల్లోంచి ఊరిన ద్రవాన్ని గినీపంది పేగుముక్క మీద పోశారు. హిస్టమిన్ తన పని చేయకుండా ముందే మెపిరమిన్ అనే హెచ్1 రుమాలు వేసి ఉంచారు. అయినా పేగు ముడుచుకుంది. హిస్టమిన్‌కి ముడుచుకున్నట్టు చటుక్కున కాదు, నెమ్మదిగా, చాలాసేపు.